కార్క్ పిడి, నా తొందర
గాలం కర్ర సొంతంగా కట్టుకోవాలన్న సరదా ఈ చలికాలం తీరింది. మిషిగన్ మంచులో బయటికెళ్లి చేసేదేముంది గనక! బ్లాంక్ (అంటే ఉత్త కర్ర), గైడ్లు (గాలం తాడు దూరే రింగులు), వాటిని కర్రకి బిగించే దారం చుట్టడం అన్నీ బాగానే కుదిరాయి. పిడి దగ్గరే దెబ్బతిన్నాను.

కార్క్ అంటే ఒక రకం ఓక్ చెట్టు బెరడు. పోర్చుగల్‌లో ఒక్కో చెట్టుకి 9 ఏళ్లకోసారి ఒలుస్తారట. దాంట్లో చిన్న చిన్న గుంటలు సహజం. అవి పూడ్చకుండానే, మెరవాలని వార్నిష్ మందంగా పట్టించేశా. చూడ్డానికి అద్దం. సింకు దగ్గర తడి చేత్తో పట్టుకుంటే సబ్బుబిళ్ల!

ఆదివారమంతా కూర్చుని గీకేశా. కార్క్ పొడి చెక్క జిగురులో కలిపి గుంటల్లో కూరి, రాత్రంతా ఆరనిచ్చి, ముందు 220, తర్వాత 400 నంబరు ఉప్పుకాగితంతో రుద్దా. రీల్ సీటుకి, అంటే గాలం తాడు చక్రం బిగించే చోటుకి, టేపు చుట్టి, కార్క్ సీలర్‌ని గుడ్డతో పల్చగా రెండు పూతలు. మెరుపు లేదు, పట్టు మాత్రం భలే ఉంది. ఇక జిడ్డు, మట్టి అంత తేలిగ్గా లోపలికి దిగవు. గిన్నెల సబ్బునీళ్లతో తుడిస్తే చాలు.

"ఇంతా చేసి చేపేదండీ?" అంటోంది మా ఆవిడ. ఇక్కడ ట్రౌట్ చేపల సీజన్ ఏప్రిల్ చివరి శనివారం మొదలు. అప్పటిదాకా ఈ పిడి నిమురుతూ కూర్చోవడమే.