నిన్నెవరు తెచ్చారు?

ఆదివారం, రాత్రి.

అమ్మకి ఇచ్చేసిన నా పాత లాప్‌టాప్‌లో ఉన్నది డెబియన్ అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్. దాన్ని కొత్త వెర్షన్ డెబియన్ 13కి మార్చే ముందు డిస్క్ కాస్త ఖాళీ చేద్దామని, టిఫిన్ అవగానే ముందేసుకుని కూర్చున్నాను. నడుస్తున్న సర్వీసుల్లో ఎగ్జిమ్ కనిపించింది. ఎగ్జిమ్ అంటే మెయిల్ సర్వర్. అమ్మ మెయిల్ చూసుకునేదే బ్రౌజర్‌లో, ఆవిడకి మెయిల్ సర్వర్‌తో పనేంటి? నేను పెట్టిన గుర్తు లేదు. ఎవరైనా చొరబడ్డారేమోనని గుండె జల్లుమంది. మెయిల్ వచ్చే దారి, 25వ పోర్టు చూస్తే సొంత మెషీన్‌కి మాత్రమే తెరిచి ఉంది, బయటికి లేదు. అప్పటికి ఊపిరాడింది.

తీసి పారేద్దామనుకుని, ఎందుకో ఆగి, ముందు ఆప్టిట్యూడ్‌ని అడిగాను. డెబియన్‌లో ప్రోగ్రామ్‌లు ప్యాకేజీలుగా వస్తాయి, వాటిని వేసి తీసే పనిముట్టు ఇది. దానికి 'వై' (why, ఎందుకు) అని ఒక కమాండ్ ఉంది. ప్యాకేజీ పేరు చెప్పి 'ఇది ఎందుకుంది?' అంటే ఎవరి వెంట వచ్చిందో చెబుతుంది. డెబియన్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైన కమాండ్ ఇదే. జవాబు ఒక్క ముక్క: యాట్. ఫలానా టైముకి ఫలానా కమాండ్ నడుపు అంటే నడిపే చిన్న ప్రోగ్రామ్. పోయినేడాది అమ్మ ఫొటోలు రాత్రి రెండింటికి బయటి డిస్క్‌లోకి కాపీ అయ్యేలా పెట్టడానికి నేనే వేశాను.

డెబియన్ ప్యాకేజీల మధ్య బంధాలు పప్పు వండినట్టుంటాయి. డిపెండ్స్ అంటే కందిపప్పే, అది లేకపోతే వంటే లేదు. రికమెండ్స్ అంటే పోపు. సజెస్ట్స్ పక్కన అప్పడం. వద్దని చెప్పకపోతే, ప్యాకేజీలు వేసే ఆప్ట్ కమాండ్ పోపు కూడా పెట్టేస్తుంది. యాట్ రికమెండ్స్‌లో డిఫాల్ట్ మెయిల్ సర్వర్ గానీ, ఆ పని చేసే వేరే ఏదైనా గానీ అని రాసుంది. ముందే ఏదీ లేకపోతే మొదటి పేరు తీసుకుంటుంది. డెబియన్‌లో ఆ మొదటి పేరు ఎగ్జిమ్.

సరే, టైము చూసి కమాండ్ నడిపేదానికి మెయిలెందుకు? అర్ధరాత్రి పని నడిచేటప్పుడు స్క్రీన్ ముందు ఎవరూ ఉండరు కదా. ఏం జరిగిందో యాట్ మెయిల్‌గా రాసి పెడుతుంది.

అంటే నాకూ రాసిందా? మెషీన్‌లోని మెయిల్స్ చేరే వార్ మెయిల్ (/var/mail) ఫోల్డర్‌లో నా పేరుతో ఒక ఫైలుంది. తెరిచాను. ఒకే ఒక్క మెయిల్, పోయినేడాదిది. కింద వరసగా ఫొటోల పేర్లు, ప్రతి పేరు పక్కనా 'డివైస్‌లో చోటు లేదు'. కాపీ సగంలో ఆగిపోయింది. ఏడాదిగా ఆ ఫొటోలన్నీ భద్రంగా ఉన్నాయనుకుంటున్నాను.

ఇవాళ పొద్దున్న తొందరపడి ఖాళీ చేసేసి ఉంటే, ఏ ఫోల్డర్‌కి రెండో కాపీ ఉందో ఏది లేదో కూడా చూసుకునేవాణ్ణి కాదు. ఇప్పటికీ చేతులు చల్లగానే ఉన్నాయి.

ఎగ్జిమ్ స్థానంలో డీఎంఏ అనే మరో మెయిల్ ప్రోగ్రామ్ వేశాను. అది చిన్నది, ఏ పోర్టులోనూ కాచుకుని ఉండదు, మెయిల్ మాత్రం పెట్టెలో వేస్తుంది. ముందు కమాండ్‌కి మైనస్ ఎస్ (-s) పెట్టి ఉత్తుత్తిగా నడిపి, పోయేవేవో వచ్చేవేవో జాబితా మొత్తం చదివాను. ఎగ్జిమ్ ప్యాకేజీలు పోతాయి, యాట్ ఉంటుంది. ఆ తర్వాతే నిజంగా నడిపి, సరేనని Y నొక్కాను.   

"ఏంట్రా, పొద్దుట్నుంచీ ఆ పెట్టె ముందేనా?" అంటూ అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. కొత్త డిస్క్ తగిలించి మిగిలిన ఫొటోలు కాపీ పెట్టాను. ఒక్కో పేరూ జరుగుతుంటే, "ఆ సంక్రాంతి ముగ్గుదేది, ఒకసారి చూపించు" అంది. చూపించాను. డెబియన్ 13 వచ్చే ఆదివారం.