లేత్ ముందు బేరింగు మూడోసారి పోయింది, ఈసారి కారణం దొరికింది

చెక్కని తిప్పి చెక్కే మిషను నా లేత్, దానికి ఏడు నెలల్లో మూడు 6205 బేరింగులు (25 ఎమ్మెమ్ బోరు, గుండ్లవి) పోయినాయి. మూడూ ముందు వైపువే, చక్ (చెక్కని పట్టుకునే బిగింపు) ఉండే వైపు. మూడోది పోయినప్పుడు నిజంగా ఏడుపొచ్చింది, ఎందుకంటే అది నడిచింది మొత్తం పదకొండు గంటలే, వాడిన ప్రతిసారీ గోడ మీద బొగ్గుతో రాసి పెట్టుకున్నా కాబట్టి లెక్క తప్పే పని లేదు. చెక్క లేత్ మీద, 1400 ఆర్పీఎం లోపల, పదకొండు గంటలకి బేరింగు పోవడం ఏంది అసలు.

మిషన్ ఉండేది ఇస్కపల్లి దగ్గర మా రొయ్యల గుంటల కాడ, మోటారు షెడ్డులో. సీడ్ (రొయ్య పిల్లలు) వేసినాక ఆదివారం తప్ప దాని దగ్గరికి పోయే టైం ఉండదు, కొన్నిసార్లు రెండు మూడు వారాలు కూడా ముట్టుకోను. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి, చివరికి అసలు సంగతంతా ఇక్కడే తేలింది.

మూడుసార్లూ లక్షణం ఒకటే. వేసిన రోజు వెన్నలా తిరుగుతుంది. ఆరేడు వారాలకి బెల్టు తీసి చేత్తో స్పిండిల్ (చక్‌ని తిప్పే ఇరుసు) తిప్పితే గడిగడికీ ఆగి ఆగి పోతున్నట్టు ఉంటుంది, మోటారు వేస్తే గరగర, స్క్రూడ్రైవర్ పిడి చెవికి ఆనించి వింటే బొరుగులు వేయించినట్టు.

మొదటిది పోయినప్పుడు ఉప్పుగాలి అనుకున్నా. సముద్రం పక్కన ఏదైనా తుప్పు పడుతుంది, అది జెడ్‌జెడ్ బేరింగు, రేకు మూత, గాలి ఆడుతుంది కదా అని. రెండోది రబ్బరు మూత ఉన్న టూఆర్ఎస్ వేశా. అదీ పోయింది, అప్పుడు డూప్లికేట్ సరుకేమో అనుకున్నా (అది ఏ కంపెనీ పేరుతో వచ్చిందో, యాడ కొన్నానో చెప్పను). మూడోదానికి ఇంక ఏ సందేహం మిగలకూడదని ఎస్‌కేఎఫ్ కంపెనీది తెచ్చి, డబ్బా ఫొటో వాళ్ళ యాప్‌లో పెట్టి ఒరిజినల్ అని రూఢి చేసుకుని మరీ వేశా. సుత్తి ముట్టలేదు. స్పిండిల్ రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టి, బేరింగుని బల్బు మీద 80 డిగ్రీల దాకా వేడి చేస్తే దానంతటదే జారి కూర్చుంది. స్పిండిల్ కొలత 25.005 ఎమ్మెమ్, మైక్రోమీటర్ అరువు తెచ్చి మూడు చోట్ల చూశా. 25 మీద 2 నుంచి 11 మైక్రాన్లు (మైక్రాన్ అంటే ఎమ్మెమ్‌లో వెయ్యో వంతు) ఎక్కువుంటే ఫిట్టింగ్ సరైనదే, కాబట్టి అక్కడా తప్పు లేదు. బెల్టు కూడా వదులు చేసి చూశా. అయినా పోయింది.

సరే, ఈసారి పారేయకుండా కోసి చూద్దామని, పీకే ముందు బయటి రేసు (గుండ్లు దొర్లే ఉక్కు రింగు) పైభాగాన మార్కర్‌తో చుక్క పెట్టుకున్నా. ఈ చుక్క లేకపోతే సగం విషయం తెలిసేది కాదు. కేజ్ (గుండ్లని ఎడంగా పట్టే రేకు) రివెట్లు గ్రైండ్ చేసి గుండ్లు తొమ్మిదీ ఒక పక్కకి నెట్టి లోపలి రేసు తీశా. కిరోసిన్‌తో కడిగేముందే బయటి రేసు గాడిలో మచ్చలు కనపడ్డాయి, మచ్చల చుట్టూ నశ్యం రంగు పొడి. తుప్పయితే యాడంటే ఆడ ఉండాలి కదా, ఇవి వరసగా, అది కూడా కింది సగంలోనే ఉన్నాయి, చుక్క వైపు శుభ్రంగా అద్దంలా ఉంది. వెల్డింగ్ చేసేటప్పుడు ఎర్త్ క్లిప్పు తప్పుచోట పెడితే కరెంటు బేరింగులో నుంచి పోయి కాలిన మచ్చలు పడతాయి, స్టాండు వెల్డింగ్ నేనే చేశా కాబట్టి ఆ భయమూ ఉండింది, కానీ ఆ మచ్చల్లో లోహం కాలి కరిగినట్టు ఉంటుంది, ఇవి అట్టా లేవు.

సెల్లోటేపు సన్న ముక్క గాడిలో అద్ది లేపితే పొడితో పాటు మచ్చల అచ్చు వచ్చేసింది. దాన్ని తెల్లకాగితం మీద అంటించి వెర్నియర్‌తో కొలిస్తే 6.1, 10.3, 6.0, 10.5, 6.2. రెండు రోజులు అర్థం కాలేదు. తర్వాత పక్కపక్క వాటిని కలిపి చూస్తే ప్రతిసారీ 16.4కి అటూ ఇటూ! బయటి రేసు గాడి వ్యాసం 46.9 ఎమ్మెమ్, చుట్టుకొలత 147.3, దాన్ని తొమ్మిది గుండ్లతో భాగిస్తే 16.4. అంటే గుండుకో మచ్చ, రెండు వరసలు ఒకదాని మీద ఒకటి పడినాయి. రెండు వేరే వేరే సార్లు గుండ్లు కదలకుండా ఒకే చోట ఉండి రేసుని తినేసినాయి. బేరింగు పోయింది తిరిగేటప్పుడు కాదు, ఊరికే నిలబడి ఉన్నప్పుడు!

సుత్తి దెబ్బకి కూడా గుండుకో గుంట పడుతుంది, కానీ ఆ గుంటలో ఫ్యాక్టరీ గ్రైండింగ్ గీతలు అట్టే ఉంటాయి, లోహం నొక్కుకుపోతుంది తప్ప అరగదు. భూతద్దంతో చూస్తే నా మచ్చల్లో గీతలు పూర్తిగా అరిగిపోయి ఉన్నాయి. దీన్ని ఫాల్స్ బ్రినెలింగ్ అంటారు. గుండు నొక్కి లోహం గట్టితనం కొలిచే పద్ధతి 1900లో స్వీడన్ ఇంజినీరు బ్రినెల్ తెచ్చాడు, ఆ గుంటలా కనపడుతుంది కానీ అది కాదు కాబట్టి ఆ పేరు. ఒకప్పుడు అమెరికాలో కొత్త కార్లని రైళ్ళ మీద పంపితే, ఒక్క మైలు కూడా నడవకుండానే చక్రాల బేరింగులు ఇట్టాగే పోయేవి. నిలబడ్డ బేరింగు సన్నగా అదురుతుంటే గుండు కింద గ్రీజు పక్కకి పోతుంది, తిరిగితే కొత్త గ్రీజు వస్తుంది, తిరక్కపోతే ఉక్కు ఉక్కుని పొడిగా రాస్తుంది. ఆ నశ్యం రంగు పొడి అదే.

మరి అదురు యాడ నుంచి? నాకు తట్టలేదు. గుంటల కాపలా ఉండే పెద్దాయన చెప్పాడు, "జనరేటర్ ఏస్తే నీ మిషన్ మీద పెట్టిన టీ గ్లాసు జరగతా ఉంటాది అబయా" అని. షెడ్డులో జనరేటరూ లేతూ ఒకే కాంక్రీటు దిమ్మె మీద ఉన్నాయి! కరెంటు పోతే ఏరియేటర్లు (గుంట నీళ్ళకి గాలి ఎక్కించే మిషన్లు) ఆగకూడదు కాబట్టి రాత్రంతా కూడా నడుస్తుంది. ఫోన్‌లో వైబ్రేషన్ యాప్ వేసి లేత్ మీద పెడితే సరిగ్గా 25 హెర్ట్జ్ దగ్గర పెద్ద ముల్లు లేచింది, జనరేటర్ తిరిగే 1500 ఆర్పీఎం అంటే సెకనుకి 25 తిరుగుళ్ళే కదా. ఆరు గంటలు నడిస్తే 5,40,000 సార్లు అదురు. వెనక బేరింగు ఎందుకు తట్టుకుందంటే, బెల్టు లాగి పట్టుకోవడం వల్ల గుండ్లు కదల్లేదని నా ఊహ.

మూడు వారాల కింద లేత్‌ని దిమ్మె దించి, బయట ఇసక మీద ఇటుకలు పేర్చి, పాత కన్వేయర్ బెల్టు ముక్కలు కాళ్ళ కింద వేసి నిలబెట్టా. ఫోన్‌లో ముల్లు పదో వంతుకి పడింది. నాలుగోది ఎన్‌బీసీ కంపెనీ టూఆర్ఎస్, నా లెక్కన ఈ పనికి అది చాలు, డబ్బులు దండగ చేసుకోనక్కర్లేదు. సీ3 (లోపల గుండ్లకి వదులు ఎక్కువుండే రకం) మాత్రం వద్దు, మోటార్లకి వాడతారని అందరూ అదే ఇస్తారు, కానీ ఈ సైజులో మామూలుదానికి 5 నుంచి 20 మైక్రాన్ల వదులుంటే సీ3కి 13 నుంచి 28, నాకు వదులే శత్రువు. ఒక వేవ్ వాషర్ (అలలా వంగిన స్ప్రింగు వాషర్) కూడా వేసి గుండ్లకి ఎప్పుడూ కొంచెం ఒత్తిడి ఉండేట్టు చేశా. పెద్దాయన పొద్దునా సాయంత్రం స్పిండిల్‌ని చేత్తో నాలుగు చుట్లు తిప్పుతున్నాడు. ఇప్పటికి మెత్తగా ఉంది, ఏడో వారం దాటితే గానీ నమ్మను.



తర్వాత ముందు వైపు 30205 టేపర్ రోలర్ (గుండ్ల బదులు ఏటవాలు రోలర్లుండే బేరింగు) వేద్దామని ఉంది. బోరు 25, బయట 52, అవి అట్టే సరిపోతాయి, వెడల్పు మాత్రం 15 బదులు 16.25, కాబట్టి బేరింగు కూర్చునే గుంతని ఇంకో ఒకటింపావు ఎమ్మెమ్ లోతు చేయించాలి. నట్టుతో బిగుతు మన చేతిలో ఉంటుంది, అది నాకు నచ్చింది. అమ్మకి కవ్వం చేసిస్తానని సంక్రాంతి నుంచి చెప్తున్నా, వేప చెక్క ఆరి సిద్ధంగా ఉంది.

కానీ ఇది రాస్తుంటే ఇంకోటి తట్టింది. ఏరియేటర్ల స్పేర్ మోటార్లు నాలుగు అదే దిమ్మె మీద, జనరేటర్ పక్కనే, ఏడాది నుంచి కదలకుండా పడి ఉన్నాయి. ఈ ఆదివారం కవ్వం పక్కన పెట్టి ముందు వాటిని విప్పుతా, సెల్లోటేపు తీసుకుపోవాలి.