రెండో మానిటర్ కొనేముందు సీపీయూ వెనక్కి ఓసారి చూడండి

ఇంట్లో కూర్చుని అనువాదాలూ ప్రూఫులూ చూసుకునే నాలాంటివాళ్ళకి రెండో మానిటర్ షోకు కాదు, అవసరం. ఇంగ్లిష్ మూలం, తెలుగు ఫైలు, మధ్యమధ్యలో నిఘంటువు, ఈ మూడింటినీ ఒక్క తెర మీదే మార్చుకుంటూ కూర్చుంటే ఏ వాక్యం దగ్గర ఆగామో వెతుక్కోవడానికే సగం ఓపిక అయిపోతుంది. అందుకే ఎవరడిగినా ఇంకోటి పెట్టుకోమనే చెప్తాను. అందరూ ముందు అడిగేది మాత్రం "ఏ కంపెనీది, ఎన్ని ఇంచులది?" అని. అది తర్వాత చూసుకోవచ్చు, మీ కంప్యూటర్ వెనకాల ఏ పోర్టు ఖాళీగా ఉందో ముందు చూడాలి.

మొన్న మా పిన్ని కొడుకు కొత్త మానిటర్ తెచ్చుకుని, "అన్నయ్యా, నో సిగ్నల్ అని వస్తోంది, వాపసు ఇచ్చెయ్యనా?" అని టెన్షన్ పడుతూ వీడియో కాల్ చేశాడు. ఫోన్‌ని సీపీయూ వెనక్కి తిప్పమన్నాను. పాత మానిటర్ కేబుల్ ఏమో కింద అడ్డంగా ఉన్న గ్రాఫిక్స్ కార్డులో (తెరకి బొమ్మ పంపే విడి కార్డు) ఉంది, కొత్తదేమో పైన యూఎస్‌బీల పక్కనున్న హెచ్‌డీఎంఐలో ఉంది. పైనున్నది మదర్‌బోర్డుది, అంటే లోపలి భాగాలన్నిటినీ కలిపే పెద్ద బోర్డుది. ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉంటే తప్ప దాంట్లోంచి బొమ్మ రాదు. వాడిది ఇంటెల్‌లో నంబరు చివర ఎఫ్ అని ఉండే రకం, వాటిలో గ్రాఫిక్స్ ఉండదు. ఉన్నవాటిలో కూడా విడిగా కార్డు పెట్టాక చాలా బోర్డులు పై పోర్టుని ఆపేస్తాయి, బయోస్‌లోకి (విండోస్ మొదలవకముందు తెరుచుకునే సెట్టింగ్స్‌లోకి) వెళ్ళి మళ్ళీ ఆన్ చేసుకోవాలి. వాడి కార్డులో ఇంక మిగిలినవన్నీ డిస్‌ప్లేపోర్ట్‌లే (హెచ్‌డీఎంఐ లాంటిదే ఇంకో రకం పోర్టు) కాబట్టి ఆ కేబుల్ ఒకటి తెప్పించాక అంతా సర్దుకుంది, మానిటర్‌కి ఏ జబ్బూ లేదు.

కన్వర్టర్ కొనేవాళ్ళకి ఒక మాట. కంప్యూటర్ వైపు డిస్‌ప్లేపోర్ట్, మానిటర్ వైపు హెచ్‌డీఎంఐ అయితే చిన్నపాటి కన్వర్టర్ చాలు. అదే ముక్కని తిరగేసి పెడితే పనిచెయ్యదు, దానికి వేరే రకం కావాలి, ధర కూడా ఎక్కువ. ల్యాప్‌టాప్ వాళ్ళు టైప్ సీ ఉంది కదా అని ధీమాగా ఉండకండి, కొన్నింటిలో అది ఛార్జింగ్‌కీ ఫైళ్ళకీ తప్ప బొమ్మకి పనికిరాదు. మీ మోడల్ వివరాల్లో డిస్‌ప్లేపోర్ట్ అనో థండర్‌బోల్ట్ అనో రాసి ఉందో లేదో చూసుకోండి. ఎం1 మ్యాక్‌బుక్ ఎయిర్ అయితే మామూలుగా బయట ఒక్క మానిటర్‌కే ఒప్పుకుంటుంది. 4కే మానిటర్ కొని, పాత హెచ్‌డీఎంఐ 1.4 పోర్టుకి తగిలిస్తే 30 హెర్ట్జ్ దగ్గరే (సెకనుకి 30 బొమ్మల దగ్గరే) ఆగిపోయి మౌస్ ఈడ్చుకుంటూ కదులుతుంది.

ఇక నాకు చాలా ఇష్టమైన విషయం: రెండో మానిటర్‌ని నిలువుగా తిప్పి పెట్టుకోండి. 24 ఇంచుల మామూలు మానిటర్‌ని తిప్పితే వెడల్పు సుమారు 30 సెంటీమీటర్లు, ఎత్తు 53 వస్తుంది. అంటే ఏ4 పేజీ కాగితం మీదకన్నా పెద్దగా, పై నుంచి కింది దాకా ఒకేసారి కనిపిస్తుంది, ప్రూఫులు చూసేటప్పుడు స్క్రోల్ చెయ్యక్కర్లేని సుఖం వాడినవాళ్ళకే తెలుస్తుంది. స్టాండ్ తిరిగే రకమైనా ఉండాలి, వెనకాల వెసా (VESA) రంధ్రాలైనా, అంటే మరలు బిగించే రంధ్రాలైనా ఉండాలి, అప్పుడు విడిగా ఆర్మ్ బిగించుకోవచ్చు. ప్యానెల్ (లోపలి తెర) మాత్రం ఐపీఎస్ రకానిదే తీసుకోండి, టీఎన్ ప్యానెల్‌ని నిలువుగా పెడితే తల కొంచెం పక్కకి జరిపినా రంగులు మారిపోతాయి.

తెలుగు చదివేవాళ్ళు ఇంకోటి గమనించాలి. తెరలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం చుక్కలు పక్కపక్కన ఉంటాయన్న లెక్కతో విండోస్ అక్షరాల అంచుల్ని నునుపు చేస్తుంది. తెర తిప్పగానే ఆ చుక్కలు ఒకదాని కింద ఒకటి వచ్చేస్తాయి. ఇంగ్లిష్‌లో ఇది పెద్దగా తెలియదు గానీ, "శాస్త్రం", "లక్ష్మి" లాంటి మాటల్లో కింద ఒత్తులు కాస్త అలికినట్టు కనిపిస్తాయి. విండోస్‌లోనే ఉండే క్లియర్‌టైప్ ట్యూనర్ నడిపి ఆ తెరకి విడిగా సరిచేసుకోండి, అప్పటికీ కళ్ళకి శ్రమగా ఉంటే డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో స్కేల్ 125 శాతం పెట్టండి.

డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో కనిపించే 1, 2 డబ్బాల్ని కూడా టేబుల్ మీద మానిటర్లు ఎలా ఉన్నాయో అలాగే జరిపి పెట్టాలి. ఒకటి నిలువు, ఒకటి అడ్డం కాబట్టి అంచులు కలవని చోట మౌస్ గోడకి తగిలినట్టు ఆగిపోతుంది. మీరు ఎక్కువగా మౌస్ దాటించే ఎత్తులో రెండు డబ్బాలూ ఒకదాన్నొకటి ఆనుకునేలా పెడితే హాయిగా దాటుతుంది. రోజంతా టైప్ చేసే తెర ముక్కుకి సూటిగా ఉండాలి, చదివేది పక్కన ఉన్నా పర్లేదు. రెండింటికీ మధ్యలో కూర్చుంటే సాయంత్రానికి మెడ పట్టేస్తుంది.

కరెంటు పోయినప్పుడు యూపీఎస్ మీద భారం తగ్గించాలని రెండో మానిటర్‌ని బటన్ నొక్కి ఆపేస్తుంటాం కదా, చాలాసార్లు విండోస్ అది ఉందనే అనుకుని కొత్త విండోని అక్కడే తెరుస్తుంది, మనకేమో ఫైలు మాయమైనట్టుంటుంది. కంగారు పడకుండా ఆల్ట్ ట్యాబ్‌తో ఆ విండోని ఎంచుకుని, విండోస్ కీ, షిఫ్ట్ కలిపి పట్టుకుని ఎడమ బాణం నొక్కండి, ఇటు వచ్చేస్తుంది.