జావా బొమ్మ తెలుగులో మాట్లాడింది

మా పెద్దదానికి అప్పుడు ఐదేళ్లు. నేను ఆఫీసు నుంచి వచ్చి బేస్‌మెంట్‌లోకి దిగేసరికి కార్పెట్ మీద బాసింపట్టు వేసుకుని ఆడుకుంటోంది, పక్కన చింపేసిన అట్ట, ఊడిపోయిన ప్లాస్టిక్ బబుల్, చేతిలో రెండంగుళాల పైచిలుకు జావా బొమ్మ.

స్టార్ వార్స్ తెలీని వాళ్ల కోసం చెప్తా. జావాలంటే ఎడారి గ్రహంలో పాత సామాన్లు ఏరుకుని అమ్ముకునే పొట్టివాళ్లు, ముదురు రంగు ముసుగు, లోపల మెరిసే పసుప్పచ్చ కళ్లు. సినిమా 1977లో వచ్చింది, బొమ్మ 1978లో కెన్నర్ కంపెనీ చేసింది. మొదట దీనికి వినైల్ అంగీ తొడిగారు. మిగతా బొమ్మల రేటే దీనికీ పెట్టి, అసలే చిన్నది, దానికి మళ్లీ ఆ ప్లాస్టిక్ ముక్క అంటే మరీ నాసిగా ఉందని కొద్ది రోజులకే గుడ్డ అంగీకి మార్చేశారు, అందుకే ఇప్పుడు ఆ వినైల్ అంగీ జావా అంటే కలెక్టర్లు పడి చస్తారు. నాది గుడ్డ అంగీదే. కానీ అట్ట మీద సీల్ కూడా ఊడకుండా నలభై ఏళ్లు ఎవరూ ముట్టనిది, దానికోసం రెండేళ్లు డబ్బులు పక్కన పెట్టుకున్నా.

ప్రాణం ఉసూరుమంది. గట్టిగా అరిచేవాడినే, కానీ నోరు తెరిచేలోపు అది ఆడుతున్న ఆట చెవిలో పడింది. సినిమా హీరో ల్యూక్, రాకుమారి లేయా బొమ్మలు ఇంగ్లీషులో మాట్లాడుకుంటున్నాయి. జావా మాత్రం తెలుగు. "ఇటు రా. చేతులు కడుక్కో. అన్నం తిను. వద్దు అన్నానా?" ఇవీ జావా మాటలు.

ప్రీస్కూల్‌కి వెళ్లిన నాలుగో నెల నుంచి అది తెలుగు మానేసింది. మేం తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు. ఇన్నాళ్ల తర్వాత దాని నోట తెలుగు వింటున్నా, అదీ బొమ్మ నోటితో. పక్కన కూర్చుని జావా ఎందుకమ్మా తెలుగు మాట్లాడుతోంది అని అడిగా. వాళ్ల మాట ఎవరికీ అర్థం కాదు కదా నాన్నా అంది, అదీ ఇంగ్లీషులోనే.

ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. బొమ్మ సంగతి మర్చిపోయా. మనుషులకి ఇంగ్లీషు, మనుషులు కాని వాళ్లకి తెలుగు. ఐదేళ్ల పిల్లకి ఆ లెక్క ఎవరు నేర్పారు? పైగా మా ఇంట్లో తెలుగంటే రా, పో, తిను, పడుకో అన్నీ ఆజ్ఞలే, మేం దాంతో కబుర్లు చెప్పుకునేది ఇంగ్లీషులోనే అని కూడా అప్పుడే తెలిసింది, ఎందుకంటే బొమ్మ నోట్లోంచి వచ్చినవి అచ్చం మా ఇద్దరి మాటలే.

ఇంకో సంగతి కూడా మనసులో తిరుగుతూ ఉండిపోయింది. ఆ సినిమాల్లో గ్రహాంతర భాషలు గాల్లోంచి రాలేదు. శబ్దాలు చేసిన బెన్ బర్ట్ నిజం భాషల మీద కట్టాడు వాటిని. జావాల భాషకి దక్షిణాఫ్రికాలో మాట్లాడే జూలూ ఆధారం, వేగం పెంచి వినిపించాడు. నత్తల్లాంటి ఒళ్లున్న హట్‌లనే ముఠాదార్ల భాషకి పెరూ, బొలీవియా కొండల్లో మాట్లాడే కెచువా. 1983లో వచ్చిన మూడో సినిమాలో నియెన్ నన్బ్ అని పెద్ద చెంపల పైలట్ ఉంటాడు కదా, అతనికి గొంతు ఇచ్చింది కిప్సాంగ్ రోటిచ్, కెన్యా నుంచి అమెరికాకి చదువుకోడానికి వచ్చిన కుర్రాడు. అతను మాట్లాడింది తూర్పు ఆఫ్రికాలో నిజంగా జనం మాట్లాడే భాషే. కెన్యాలో సినిమా ఆడినప్పుడు హాల్లో జనానికి ఆ డైలాగులు అర్థమైపోయి తెగ సంబరపడ్డారట. ఇది చదివినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది. అందరూ వింత చప్పుడు అనుకున్నది ఒక హాల్లో వాళ్లకి అమ్మ మాట. నేనూ చదువుకోడానికి వచ్చినవాడినే, నన్ను స్టూడియోకి పిలిచి ఏదో ఒకటి మాట్లాడు అని ఉంటే నేనూ తెలుగే మాట్లాడేవాడిని.

మేం ఉండేది ఒహాయోలో, సిన్సినాటి పక్కన. ఉద్యోగం ఇక్కడ దొరకడం వల్ల వచ్చాం, కానీ స్టార్ వార్స్ బొమ్మలు పోగేసేవాడికి ఇంతకంటే మంచి ఊరు లేదు. కెన్నర్ పుట్టింది ఇక్కడే, 1946లో స్టైనర్ అన్నదమ్ములు పెట్టారు, కంపెనీ పేరు కూడా ఇక్కడి కెన్నర్ వీధి పేరే. 1991లో హాస్బ్రో అనే ఇంకో బొమ్మల కంపెనీ చేతికి వెళ్లింది, 2000లో ఇక్కడి ఆఫీసు మూసేశారు. కానీ అక్కడ పనిచేసిన వాళ్లు ఇంకా ఈ చుట్టుపక్కలే ఉన్నారు, వాళ్ల అటకల మీద నుంచి అప్పుడప్పుడు రంగు వెయ్యని నమూనా బొమ్మలు, అట్టల ప్రూఫులు బయటికొస్తుంటాయి. శనివారం పొద్దున్నే టాయ్ షోకి వెళ్తే, టేబుల్ అవతల కూర్చున్న పెద్దాయన నేను దీని అచ్చు దగ్గర పనిచేశా అని చెప్తుంటే ఎంతసేపైనా నిలబడి వినొచ్చు.

మనవాళ్ల పార్టీల్లో అడుగుతారు, అంత డబ్బు బొమ్మల మీద ఎందుకండీ, ఆ డబ్బుతో అమీర్‌పేటలో స్థలం కొనచ్చుగా అని. నేను విజయవాడలో వీడియో లైబ్రరీ క్యాసెట్‌లో మొదటిసారి ఆ సినిమా చూసినప్పుడు నాకు ఇంగ్లీషు సగం కూడా అర్థం కాలేదు, అయినా ఆ రెండు సూర్యుల అస్తమయం దగ్గర ఒక కుర్రాడు ఊరు వదిలి ఎక్కడికో వెళ్లిపోవాలని చూస్తుంటే వాడు ఏం అనుకుంటున్నాడో నాకు మొత్తం అర్థమైంది. ఇదే చెప్తా వాళ్లకి, ఇంతకంటే నా దగ్గర జవాబు లేదు.

పెద్దదానికి ఎనిమిదేళ్లొచ్చాక ఒక డీవీడీ సంపాదించా. ఆ మొదటి సినిమాకే నవాహో భాషలో, అంటే ఇక్కడి ఆదివాసుల్లో ఒక తెగ భాషలో డబ్బింగ్. నవాహో నేషన్ మ్యూజియం డైరెక్టర్ మాన్యులిటో వీలర్ ఏళ్ల తరబడి పట్టుబట్టి చేయించాడు, పిల్లలు భాష మర్చిపోతున్నారు, వాళ్లు ఇష్టపడే దాన్నే వాళ్ల భాషలోకి తేవాలని. 2013 జులైలో అరిజోనాలో విండో రాక్ అనే ఊళ్లో ఆరుబయట తెర కట్టి మొదటి ఆట వేశారు. పిల్లని పక్కన కూర్చోపెట్టుకుని పెట్టా. మా ఇద్దరికీ ఒక్క ముక్క అర్థం కాదు, కానీ సినిమా మొత్తం నోటికొచ్చు కాబట్టి ప్రతి మాటా అర్థమైనట్టే ఉంది. జావాలు వచ్చినప్పుడు మాత్రం అది లేచి కూర్చుంది. జావాలు ఎప్పటిలాగే జావా భాషే మాట్లాడుతున్నారు, ల్యూక్, లేయా నవాహో మాట్లాడుతున్నారు. నాన్నా, లేయాకి తెలుగు వచ్చా అని అడిగింది.

నేను నేర్పుదామా అన్నా.

అలా మొదలైంది మా ఇంటి డబ్బింగ్. టీవీ సౌండ్ ఆపేసి, ఫోన్లో రికార్డ్ చేస్తూ, ఒక్కో సీన్ తెలుగులో చెప్పడం. సరిగ్గా ఆ ఏడే అమ్మ ఆర్నెల్లకి వచ్చింది. అమ్మ లేకపోతే ఇది రెండు వారాల్లో ఆగిపోయేది, ఎందుకంటే నా తెలుగు కూడా ఆఫీసు తెలుగు అయిపోయింది. సినిమాలో వాళ్లు తిప్పే కాంతి కత్తి, లైట్‌సేబర్‌ని నేను వెలుగు కత్తి అన్నా, అమ్మ ఒప్పుకోలేదు, అది మెరుస్తూ బుయ్యిమంటోంది కదరా, మెరుపు కత్తి అను అంది. ఆ కథలో అన్నిటినీ కలిపి ఉంచే ఫోర్స్ దగ్గర వారం పట్టింది. శక్తి అంటే అమ్మవారు గుర్తొస్తోంది, బలం అంటే కండబలంలా ఉంది. అమ్మ చివరికి ఊపిరి అంది, అన్నిట్లోనూ ఉండేది, కనపడనిది, గట్టిగా కళ్లు మూసుకుంటే తెలిసేది. మా ఇంట్లో ఇప్పటికీ ఊపిరే.

అసలు చిక్కు నువ్వు, మీరు దగ్గర వచ్చింది. ఇంగ్లీషులో అందరికీ ఒకటే యూ. తెలుగులో నోరు తెరిస్తే ముందు ఎవరు ఎవరికి ఏమవుతారో తెలియాలి. ల్యూక్ తన గురువు, ముసలి ఓబీవాన్‌ని మీరు అంటాడు, అది తేలిక. దొంగసరుకు రవాణా చేసే హాన్ సోలో అందరినీ నువ్వే అంటాడు. మరి మొదటి సీన్లో లేయాని పట్టుకుని విలన్ డార్త్ వేడర్ ముందు నిలబెడతారు కదా, అప్పుడు ఆమె ఏమనాలి? పెద్దవాడు కాబట్టి మీరు అనాలి నానమ్మా అంది మా పిల్ల, స్కూల్లో నేర్చుకున్న రూల్ చెప్తున్నట్టు. అమ్మ ఒప్పుకోలేదు. వాడు ఊళ్లు తగలబెట్టేవాడే, వాడికి మీరేంటి, నువ్వు అను, గట్టిగా అను అంది. పిల్లకి ఆ సీన్ ఎంత నచ్చిందంటే, నువ్వు అనే మాట ఒక్కదాన్నే పదిసార్లు రికార్డ్ చేసింది, ఒక్కోసారి ఒక్కో కోపంతో.

సంక్రాంతికి అమ్మ బొమ్మల కొలువు పెడదామంది. బయట మంచు, లోపల ఐదు మెట్లు, అట్టపెట్టెల మీద తెల్ల దుప్పటి. అమ్మ సూట్‌కేసులో తెచ్చిన కొండపల్లి దశావతారాలు, అంబారీ ఏనుగు పైన. కింది మెట్ల మీద ఖాళీ ఉంది. పెద్దది వచ్చి జావాని పెట్టొచ్చా అంది. అమ్మ జావాని చేతిలోకి తీసుకుని నాకంటే జాగ్రత్తగా చూసింది. అతుకులు ఎక్కడున్నాయి, రంగు ఎక్కడ పోయింది. కొండపల్లిలో తెల్ల పొణికి చెక్కతో చేసి, రంపపు పొట్టులో చింతగింజల జిగురు కలిపి ముక్కలు అతికిస్తారు, ఇదేంటి మొత్తం ఒకే పోతగా ఉందే అని మెచ్చుకుంది. అమ్మ యాభై ఏళ్లుగా ఏటా ఒక్కో బొమ్మ చేరుస్తూ, కొలువు అయ్యాక పాత చీర ముక్కల్లో చుట్టి పెట్టెలో పెట్టి, మళ్లీ ఏడాది తీస్తూ వచ్చింది. నాలోని కలెక్టర్ ఎవరి దగ్గర నుంచి వచ్చాడో నాకు అప్పటిదాకా తట్టనే లేదు.

ఆ రోజు నేనే పైకెళ్లి ఇంకో మూడు బొమ్మల సీల్ తీశా. చెయ్యి వణికింది, నిజం. అల్మారాలో అవి ఎండ తగలకుండా, తేమ పట్టకుండా, యాక్రిలిక్ పెట్టెల్లో ఎన్నో ఏళ్లుగా ఉన్నాయి. మిగతావి అలాగే ఉంచా, ఉంచుతా కూడా, అట్ట మీద బొమ్మ అందం వేరు, అది తెలిసినవాళ్లకి తెలుసు.

పెద్దది లేయా బొమ్మని తిప్పి కాలి వెనక అక్షరాలు చదివింది. 1977, హాంకాంగ్. నానమ్మకి తెలుగులో వివరించింది, ఇది హాంకాంగ్‌లో తయారైంది, తర్వాత సిన్సినాటి వచ్చింది, నాన్న లాగా అని. నానమ్మ మరి నువ్వో అంది. నేను ఇక్కడే తయారయ్యా అంది పిల్ల. తయారయ్యా కాదే, పుట్టా అనాలి అని అమ్మ సరిదిద్దింది, ఇద్దరూ మళ్లీ బొమ్మలు సర్దుకోవడంలో పడ్డారు.

ఇప్పుడు దానికి పదకొండు. తెలుగు గలగలా వచ్చేసిందని చెప్పను, ఒత్తులు తప్పుతాయి, కోపం వస్తే ఇంగ్లీషులోకే వెళ్తుంది. ఆరేళ్ల చిన్నోడు మాత్రం అక్క డబ్బింగ్ వింటూ పెరిగాడు, వాడికి గుర్రుమంటూ మాట్లాడే ఒళ్లంతా జుట్టున్న చూబాకా ఒక్కడే తెలుగు రానివాడు, పాపం నేర్పాలి అంటాడు.

పోయిన నెల మూడో సినిమా దగ్గరికొచ్చాం. వేడర్ తన తండ్రి అని లేయాకి తెలిసేది అందులోనే, కానీ తెలిశాక వాళ్లిద్దరూ ఒక్కసారి కూడా ఎదురుపడి మాట్లాడుకోరు. అది మా పెద్దదానికి అస్సలు నచ్చలేదు, ఆ సీన్ మనమే రాద్దాం అంది. పెన్ను పట్టుకుని మొదటి లైన్ దగ్గరే ఆగిపోయి విజయవాడకి వీడియో కాల్ చేసింది. నానమ్మా, ఇప్పుడు ఆయన నాన్న అని తెలిసిపోయింది కదా, ఇంక మీరు అనాలా?

అక్కడ పొద్దున్న ఆరు, అమ్మ కాఫీ గ్లాసు పక్కన పెట్టింది. నాన్నని మీరు అంటావా నువ్వు? అంది.

లేదు, నువ్వు అంటా.

మరి లేయా కూడా అంతే.

అది కాసేపు ఫోన్ చూస్తూ కూర్చుంది. మొదటి సీన్లో కూడా నువ్వే కదా నానమ్మా, అంది. ఆ, అన్నాం, కానీ అది వేరే నువ్వు అంది అమ్మ. పిల్ల తలూపి, ఫోన్ నాకిచ్చేసి, రికార్డింగ్ పెట్టుకుని వేడర్ బొమ్మని ఎదురుగా నిలబెట్టి, ఆ ఒక్క మాట మెల్లిగా అని చూసుకుంది.