ఆ గడిలో ఏం రాశారు?

2025 ఏప్రిల్, ఆదివారం మధ్యాహ్నం. ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని గోంగూర వలుస్తున్నా, బెల్ మోగింది, నేను లేవలేదు. డాలస్‌కి ఉత్తరాన మా వైపు ఎండలు మొదలయ్యాయంటే చాలు, ఒకడొచ్చి చీమల మందు కొడతానంటాడు, ఇంకొకడొచ్చి వడగళ్ళకి మీ రూఫ్ పోయింది చూస్తానంటాడు, ఎంతమందికని తలుపు తీస్తాం. మా అమ్మాయే ఫోన్‌లో కెమెరా చూసి "అమ్మా, ఎలక్షన్ ఆవిడ, పెద్దావిడ, పాపం తియ్యి" అంది, అదీ ఇంగ్లీష్‌లోనే లెండి.

ఆవిడకి అరవై దాటి ఉంటాయి. స్కూల్ బోర్డుకి నిలబడ్డానని కాగితం చేతిలో పెట్టింది. ఇరవై ఏళ్ళ పైనుంచీ ఈఎస్ఎల్ టీచరట, అంటే ఇంట్లో వేరే భాష మాట్లాడే పిల్లలకి ఇంగ్లీష్ నేర్పే టీచర్, అదీ పక్క స్కూల్ డిస్ట్రిక్ట్‌లో, అంటే ఒక ప్రాంతం గవర్నమెంట్ స్కూళ్ళన్నీ కలిపి నడిపే సంస్థ. టెక్సస్‌లో ఏ డిస్ట్రిక్ట్ జీతం ఇస్తుందో దాని బోర్డులో కూర్చోకూడదు, తన బాస్‌కి తనే బాస్ అయిపోతుంది కదా, అందుకని ఉద్యోగం ఒక ఊళ్ళో, పోటీ ఇంకో ఊళ్ళో. గెలిచినా జీతం రాదు, బ్యాలెట్ మీద పార్టీ పేరు కూడా ఉండదు. మరి ఈ వయసులో ఇంటింటికీ తిరిగే తిప్పలు ఎందుకమ్మా నీకు అనుకున్నా మనసులో.

అలా అనుకోవడానికి కారణం ఉంది. మా నాన్న తెనాలి దగ్గర జడ్పీ హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఎలక్షన్ అంటే మా ఇంట్లో నాన్నకి డ్యూటీ పడటమే, ముందు రోజు పొద్దున్నే వెళ్ళి పెట్టెలు తీసుకుని ఎక్కడో తెలీని ఊళ్ళో బల్ల మీద పడుకుని, మర్నాడు అర్ధరాత్రి దాటాక చొక్కా అంతా దుమ్ముతో వచ్చేవారు. టీచర్ ఎమ్మెల్సీ ఎన్నికలొస్తే ఓటేసేవారు, అంతే. గవర్నమెంట్ ఉద్యోగంలో ఉండి పోటీ చెయ్యడం అనేదే లేదు కదా మనకి. టీచర్ ఎన్నికలు జరిపిస్తాడు గానీ ఇలా కాగితాలు పట్టుకుని గుమ్మం ముందు నిలబడి నాకు ఓటెయ్యండీ అనడం నాకు ఎందుకో చాలా కష్టంగా అనిపించింది, లోపలికి రండి మంచినీళ్ళు తాగండి అన్నా.

వచ్చి కూర్చుంది. గోంగూర కాడ ఒకటి తీసి వాసన చూసింది. పిల్లలు ఏ స్కూలు, ఎన్నేళ్ళయింది ఇక్కడికొచ్చి, ఇండియా ఎప్పుడెప్పుడు వెళ్తారు. డిసెంబర్లో అన్నా. క్రిస్మస్ దగ్గరికొస్తే టికెట్లు కొనలేం కదా, అందుకే సెలవులకి రెండు వారాల ముందే పిల్లల్ని స్కూల్ మాన్పించి ఎక్కించేస్తాం, మా వీధిలో సగం మంది ఇంతే. ఆవిడ నవ్వి, కోప్పడకుండానే చెప్పింది, టెక్సస్‌లో స్కూళ్ళకి స్టేట్ డబ్బు రిజిస్టర్లో పేరు చూసి రాదు, సగటున రోజుకి ఎంతమంది హాజరయ్యారో చూసి వస్తుంది అని. ఒక్కో పిల్లాడికి లెక్క మొదలయ్యే మొత్తం 6,160 డాలర్లు, 2019 నుంచీ అక్కడే ఆగిపోయింది, ధరలు మాత్రం ఆగలేదు. నాకు సిగ్గేసింది. 2015లో స్కూళ్ళ రేటింగ్ చూసి ఈ ఇల్లు కొన్నాం, ప్రాపర్టీ ట్యాక్స్ బిల్లు వచ్చినప్పుడల్లా తిట్టుకుంటాం, అందులో పెద్ద ముక్క స్కూళ్ళదే, ఆ రేటు పెట్టేది, స్కూళ్ళన్నిటి మీదా పెద్దగా ఉండే సూపరింటెండెంట్‌ని తీసుకునేది, దీపావళికి సెలవు ఇవ్వాలా వద్దా అని క్యాలెండర్ ఖాయం చేసేది ఆ బోర్డులో ఏడుగురు, వాళ్ళలో ఒక్కరి పేరు కూడా నాకు తెలీదు.

తర్వాత అడిగింది అసలు సంగతి. చేర్పించేటప్పుడు హోమ్ లాంగ్వేజ్ సర్వే అని ఒక ఫారం ఇస్తారు, గుర్తుందా, అందులో ఇంట్లో ఎక్కువగా మాట్లాడే భాష అన్న చోట ఏం రాశారు?

ఎందుకు గుర్తుండదు. 2016 ఆగస్టు, అమ్మాయిని కిండర్‌గార్టెన్‌లో వేస్తున్నాం. వాట్సాప్ గ్రూప్‌లో అందరూ ఒకటే మాట, తెలుగు అని రాయొద్దు, ఈఎస్ఎల్‌లో పడేస్తారు, ఆ ముద్ర పోదు అని. ఇంగ్లీష్ అని రాసి సంతకం పెట్టేశా. అప్పటికి దానికి తెలుగు తప్ప సరిగ్గా ఏదీ రాదు, కార్లో వెనక సీట్లో కూర్చుని "చందమామ మనతోనే ఎందుకొస్తున్నాడు, ఆయనకి ఇల్లు లేదా" అని అడిగేది. ఆ సంతకం పెట్టాక భయం పట్టుకుంది, టీచర్ ఏమైనా కనిపెడుతుందేమో అని ఇంట్లో కూడా ఇంగ్లీషే మొదలుపెట్టాం. 2023లో పిల్లాడికి మళ్ళీ అదే ఫారం, మళ్ళీ ఇంగ్లీష్ అనే రాశా. ఈసారి అబద్ధం కాదు. అమ్మమ్మ ఫోన్ చేస్తే ఇద్దరూ "బాగున్నా, తిన్నా, బై" దగ్గరే ఆగిపోతారు.

మెట్ల మీద కూర్చుని వింటున్న మా అమ్మాయి "వెయిట్, నా గురించి అబద్ధం రాశావా?" అంది. గోంగూర వలుస్తూ తల దించుకున్నా.

ఆవిడ నన్ను ఏమీ అన్లేదు, మీరొక్కరే కాదు, ఎంతోమంది ఇలాగే రాస్తారు అంది. అసలు జరిగేది ఏంటంటే వేరే భాష అని రాస్తే పిల్లకి ఇంగ్లీష్ పరీక్ష ఒకటి పెడతారు, బాగా చేస్తే అంతటితో సరి. చెయ్యకపోతే అదనంగా నేర్పుతారు, ఆ పిల్లకోసం స్కూలుకి స్టేట్ ఇంకో పదో వంతు, అంటే అప్పటి లెక్కలో 616 డాలర్లు, ఎక్కువ లెక్కకడుతుంది. వద్దని మనం సంతకం పెట్టొచ్చు కూడా, కాకపోతే పాస్ అయ్యేదాకా ఏటా టెల్పాస్ అనే ఇంగ్లీష్ పరీక్ష మాత్రం రాయాలి, అది తప్పదు. ఇంత చిన్న విషయం తొమ్మిదేళ్ళలో మాకెవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. ఓటు గురించి ఆవిడ మాట్లాడింది రెండే నిమిషాలు.

మేము 2007లో వచ్చాం, గ్రీన్ కార్డ్ 2018లో, సిటిజన్‌షిప్ 2024లో. ఇండియన్ పాస్‌పోర్ట్ సరెండర్ చేసిన రోజు ఏడ్చా గానీ దాని బదులు వచ్చినదాంతో ఏం చెయ్యాలో ఆలోచించలేదు. మే 3 శనివారం ఓటెయ్యడానికి వెళ్ళాం, క్యూ లేదు, లోపల ఫోన్ తియ్యకూడదు, ఓటేసినవాళ్ళకిచ్చే స్టిక్కర్ మా పిల్లాడికి కూడా ఒకటి ఇచ్చారు. నాన్నకి ఫోన్ చేసి చెప్తే "వేలికి సిరా లేకుండా అదేం ఓటే" అన్నారు.

ఓడిపోయింది ఆవిడ. రాత్రంతా ఫలితాల కోసం కౌంటీ సైట్ రిఫ్రెష్ చేసింది మా అమ్మాయే, ఓటు హక్కు రావడానికి దానికింకా నాలుగేళ్ళుంది. జూన్‌లో స్టేట్ వాళ్ళు ఆ 6,160కి ఎంత కలిపారో తెలుసా, 55 డాలర్లు. గోంగూర కట్ట కూడా... సరే వదిలెయ్యండి.

ఆగస్టులో ఎదురింట్లో కొత్తగా హైదరాబాద్ నుంచి వచ్చిన అమ్మాయి ఫోన్ చేసింది, "అక్కా, బాబు స్కూల్ ఫారం నింపుతున్నా, ఇంట్లో భాష అని ఉంది, గ్రూప్‌లో ఇంగ్లీష్ అని పెట్టమంటున్నారు, నువ్వేం పెట్టావ్?" అని. స్టవ్ కట్టేసి, చెప్పులేసుకుని వాళ్ళింటికే వెళ్ళా.