జీతంలో తేడా గురించి అడిగాను, ఏడు నెలలు పట్టింది

నాకు విషయం అనుకోకుండా తెలిసింది. నా తర్వాత ఏడాదిన్నరకి మా టీంలో చేరిన అబ్బాయి, పని నేర్పింది కూడా నేనే, టాక్స్ ఫారం అర్థం కావట్లేదు కాస్త చూడక్కా అని తన పే స్లిప్ నా ముందు పెట్టాడు. నాకంటే 18 శాతం ఎక్కువ. ఫారం నింపి ఇచ్చేశాను గానీ ఆ రాత్రి నిద్రపట్టలేదు. అతని మీద కోపం లేదు, అతని తప్పేముంది?

మర్నాడే వెళ్లి మేనేజర్‌ని నోటిమాటగా అడిగాను. అదే నేను చేసిన పొరపాటు, ఎందుకంటే ఆయన ఏం చెప్పారో దానికి రుజువు లేకుండా పోయింది. రెండు కారణాలు చెప్పారు. అతనికి పాత కంపెనీలోనే జీతం ఎక్కువట. నేను మెటర్నిటీ లీవ్‌లో ఉన్న ఏడాది రేటింగ్ లేదు కాబట్టి ఇంక్రిమెంట్ రాలేదట. నిజం చెప్పాలంటే అప్పుడు నాకూ సబబుగానే అనిపించింది. ఇంటికొచ్చాక ఆలోచిస్తే, మొదటి ఉద్యోగంలో ఎంత కావాలమ్మా అని అడిగితే భయపడి తక్కువ చెప్పాను, క్లాసులో నాకంటే తక్కువ మార్కులు వచ్చినవాళ్లు ధైర్యంగా ఎక్కువ అడిగారు. పాత జీతం మీద కొత్త జీతం లెక్కగడితే ఆ మొదటి రోజు తేడా జీవితాంతం వెంట వస్తుంది.

తర్వాత చాలా చదివాను. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1951లో చేసిన 100వ ఒప్పందంలో ఉన్న మాట 'సమాన విలువ గల పనికి సమాన వేతనం'. ఒకే పని కానక్కర్లేదు, విలువ సమానమైతే చాలు. 1968లో ఇంగ్లండ్‌లోని డాగెన్‌హామ్ ఫోర్డ్ ఫ్యాక్టరీలో కార్ల సీటు కవర్లు కుట్టే ఆడవాళ్లు సమ్మె చేసింది కూడా తమ పనిని తక్కువ నైపుణ్యం చాలనే గ్రేడులో పెట్టినందుకే. జీతం కొంత పెరిగింది గానీ వాళ్లడిగిన గ్రేడు 1984లో, మళ్లీ సమ్మె చేశాక వచ్చింది. అది చదివాక నాకు దారి దొరికింది: అతనికెంత, నాకెంత అని కాదు, నా పనిని ఏ గ్రేడులో పెట్టారని అడగాలి.

ఒక కాగితం మీద నాలుగు గడులు గీశాను. నైపుణ్యం, శ్రమ, బాధ్యత, పని పరిస్థితులు. రెండేళ్ల మెయిల్స్ తిరగేసి ఒక్కో గడిలో నేను చేసినవి రాశాను. ఈ పనికే మూడు వారాలు పట్టింది, మిగతా అంతటికీ ఆధారం ఇదే. ఆ అబ్బాయిని అడిగితే తన పేరు రాసినా పర్లేదు అన్నాడు, కానీ నేను రాయలేదు. హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టి, జవాబు రాతపూర్వకంగా కావాలన్నాను.

మొదటి జవాబు నెలకి వచ్చింది, అంతా పాలసీ ప్రకారమే ఉందని ఒకే వాక్యం. ఆ పాలసీలో గ్రేడుకి కొలమానాలేంటో పంపమని మళ్లీ రాశాను. రెండు నెలలు చప్పుడు లేదు. గుర్తుచేస్తూ నాలుగు మెయిల్స్ పెట్టాక మీటింగ్‌కి పిలిచారు. ముగ్గురున్నారు, ఒకరు మీ ఆయన కూడా ఉద్యోగమే కదా అన్నారు. మగవాళ్లనీ ఇలాగే అడుగుతారా సార్ అన్నాను, గొంతు వణికింది, అయినా అన్నాను. ఆ తర్వాత నా కాగితం తీసి గడి గడీ చదివించాను.

ఏడో నెలలో గ్రేడు మార్చారు. తేడా 18 నుంచి 4 శాతానికి తగ్గింది. మెటర్నిటీ లీవ్ ఏడాదికి, అంతకుముందు రెండేళ్ల రేటింగ్ సగటు వేస్తామని రాసిచ్చారు, ఇది అందరికీ వర్తిస్తుందట. 2023లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ అందుకున్న క్లాడియా గోల్డిన్ పరిశోధన చెప్పేదీ ఇదే, మొదటి బిడ్డ పుట్టాకే తేడా బాగా పెరుగుతుందని. అందుకే నా గ్రేడు కంటే ఈ రూలు మారినందుకే నాకు ఎక్కువ సంతోషం. ఈ నెల లీవ్ నుంచి తిరిగొచ్చిన అమ్మాయికి ఇంక్రిమెంట్ ఆగలేదు.

అరియర్స్ మాత్రం ఇవ్వబోమన్నారు. దాని మీద నిన్న ఇంకో మెయిల్ పెట్టాను, మిగిలిన 4 శాతం సంగతి కూడా అందులోనే అడిగాను.