దెగ్లూర్ డిపో గేటు ముందర మా బాపు

మా బాన్సువాడ దిక్కు దుబాయ్, మస్కట్ పోయినోళ్లు ఇంటికొకరు ఉంటరు, నేను మాత్రం మద్నూర్ దాటి దెగ్లూర్ వచ్చిన. నాందేడ్ జిల్లా. హైదరాబాద్ నుంచి నాందేడ్ పోయే రోడ్డు మీద మహారాష్ట్రల తగిలే మొదటి పెద్ద ఊరు. 2021 నుంచి ఇక్కడ ఒక ప్రైవేట్ ల్యాబ్‌ల టెక్నీషియన్‌గా చేస్తున్న. దూరమేం లేదు, పొద్దుగాల బయల్దేరితే పగటి బువ్వ టైముకు ఇంట్లుండొచ్చు, అయినా వేరే రాష్ట్రం వేరే రాష్ట్రమే, బోర్డులన్నీ మరాఠీ, నా రేషన్ కార్డు అక్కడిది, ఓటు అక్కడిది, జ్వరమొస్తే నీళ్లిచ్చేది పక్కింటోళ్లే.

ఆ పక్కింటోళ్ల గురించే ఇది. ఆయన ఎస్టీ కండక్టర్. ఇక్కడ ఆర్టీసీని ఎస్టీ అంటరు, ఎర్ర బస్సును లాల్ పరీ అని ముద్దుగ పిలుస్తరు. నేను ఆయన్ని దాదా అంట, వాళ్లావిడను వహినీ అంట. దాదా వాళ్లమ్మ పుట్టిల్లు మన తెలంగాణల ఊరే, పెండ్లై ఇటు వచ్చి యాభై ఏండ్లైనా తెలుగు మర్వలే. అవ్వ పంపిన జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ ఠేచా లేకుంటే మొదటి ఆర్నెల్లు నేను ఆ ఊర్ల నిలబడకపోదును.

2021 అక్టోబర్ ఆఖరికి సంపు మొదలైంది. మరాఠీల సమ్మెను సంపు అంటరు. అక్టోబర్ 30న దెగ్లూర్ అసెంబ్లీ ఉపఎన్నిక ఉండె, ఊరంత జెండాలు, మైకులు. ఎలక్షన్ అయిపోయింది, దీపావళి వచ్చింది, బస్సులు మాత్రం రాలే. మొదట డీఏ, ఇంటి అద్దె గురించి నిరాహార దీక్ష, అవి ఒప్పుకున్నమని గవర్నమెంట్ అన్నది, అయినా డిపోలు ఒకటెనుక ఒకటి మళ్ల బందైనయి, నవంబర్‌ల రాష్ట్రమంత 250 డిపోలూ మూతపడ్డయి. ఉద్యోగులు 90 వేలకు పైనే. డిమాండ్ ఒక్కటే, విలీనీకరణ్, అంటే కార్పొరేషన్‌ను గవర్నమెంట్‌ల కలపాలె. మనం విలీనం అంటం వాళ్లు విలీనీకరణ్ అంటరు. ఆ మాట వినంగనే నా కడుపుల దేవినట్లయింది, ఎందుకంటే రెండేండ్ల కింద మా ఇంట్ల పొద్దుమాపు ఇదే మాట.

బస్సు లేకపోతే ఏమైతదో నేను ల్యాబ్‌ల కూసొని కండ్లార చూసిన. ఫాస్టింగ్ షుగర్ టెస్టుకు పరగడుపున రావాలె కద, మామూలు రోజుల్ల పల్లెలోళ్లు పొద్దుగాల మొదటి బస్సుకొచ్చి ఎనిమిదింటికల్లా రక్తమిచ్చి, చాయ తాగి పోయేటోళ్లు. సమ్మెల కాలీపీలీ జీపు, అంటే నలుపు పసుపు రంగుల ప్రైవేట్ జీపు, నిండేదాక కదలదు, కిరాయి డబుల్, వాళ్లు వచ్చేసరికి పదకొండు దాటేది. ఒక ముసలామె గట్లనే వచ్చి బల్ల మీద కూసున్నది, చెయ్యి పట్టుకుంటే చల్లగ, ఒళ్లంత చెమట. రాత్రి షుగర్ గోళి ఏసుకున్నదట, పొద్దట్నుంచి ఏం తినలే. టెస్టు పక్కకు పెట్టి ముందు చక్కెర నీళ్లు తాపిన. ఆమె తేరుకోంగనే అన్న మాట, "ఎస్టీవాల్యాంనా పణ్ పోట్ ఆహే నా", ఎస్టీవాళ్లకూ కడుపున్నది కదా అని. అందరూ గట్ల అనలే, తిట్టినోళ్లు చానమంది, కాలేజీకి పోయే ఆడపిల్లలు రోడ్డు మీద నిలబడి నిలబడి ఇంటికి మర్లిపోయేది, వాళ్ల కోపం కూడ నిజమే.

మా బాపు బస్సు డ్రైవర్. 2019ల తెలంగాణ సమ్మె అక్టోబర్ 5న, దసరాకు మూడొద్దుల ముందు మొదలైంది. 26 డిమాండ్లు, అందుల విలీనం ఒకటి. 48 వేల మంది దాక ఉన్నరు. డ్యూటీకి రానోళ్లు వాళ్లంతట వాళ్లే ఉద్యోగం పోగొట్టుకున్నట్టు, సెల్ఫ్ డిస్మిస్ అని సర్కారు అన్నప్పుడు మా అమ్మ టీవీ బంద్ చేసి ఒక మూలకు కూసున్నది. ఖమ్మంల ఒక డ్రైవరన్న ఒంటికి నిప్పంటించుకొని చనిపోయిండు. 52 రోజులు. నవంబర్ మధ్యల విలీనం డిమాండ్ పక్కన పెట్టిన్రు, 25న సమ్మె ఆపిన్రు, డ్యూటీల తీసుకుంటరా లేదా తెల్వని ఆ మూడు నాలుగు రోజులు మా ఇంట్ల పొయ్యి సరిగ అంటుకోలే. తర్వాత తీసుకున్నరు, రిటైర్మెంట్ వయసు 58 నుంచి 60 చేసిన్రు. ఆ పక్కన ఆంధ్రల 2020 జనవరి 1 నుంచి విలీనమే అయిపోయింది. మన దిక్కు ఆ బిల్లు 2023 ఆగస్టుల గాని అసెంబ్లీల పాసు కాలే, అప్పటికి బాపు స్టీరింగ్ వదిలి రెండేండ్లు.

నవంబర్ నెలాఖరుల బాపు నన్ను చూడనీకి వచ్చిండు. మద్నూర్ దాక మన బస్సుల వచ్చిండు, అక్కడ దిగి ఫోన్ చేసిండు. జీపెక్కి రా బాపు, అరగంటల వస్తవు అన్న. "సమ్మె జరుగుతుంటే గా జీపెట్ల ఎక్కుతరా, నేను ఎక్క" అన్నడు. బండేసుకొని పోయి తెచ్చిన. ఇంటికి కూడ రాలే, సీదా డిపోకు పా అన్నడు.

డిపో గేటు ముందర షామియానా, కింద చాపలు, లోపల ఎర్ర బస్సులన్ని వరుసగ నిలబడి ఉన్నయి, అద్దాల మీద దుమ్ము మందంగ. బాపు ముందు బస్సుల దిక్కే చూసిండు. టైర్లు గట్ల ఒక్క తీరుగ నిలబెడితే పాడైతయిరా అన్నడు. దాదా అందరికీ చెప్పిండు, తెలంగాణ డ్రైవర్, 52 రోజుల సంపు చేసిండు అని, జరిగి చోటిచ్చిన్రు. బాపుకు మరాఠీ రాదు, హిందీ అంతంతే, అన్నం తెచ్చిన అవ్వ పక్కన కూసొని ఒక్కో మాట చెప్పింది. నిజాం కాలంల 1932ల 27 బస్సులతోటి మొదలైంది మన రోడ్డు రవాణా, అప్పుడు ఈ నాందేడ్ గీందేడ్ అన్నీ హైదరాబాద్ రాజ్యంలనే ఉండె, 1956ల విడిపోయినం గని మనది ఒక్క ఇల్లే అన్నడు బాపు. అని అంగీ జేబులకెళ్లి బ్యాంకు పాస్‌బుక్కు తీసిండు.

నెల నెలా పడే పెన్షన్ లైను మీద వేలు పెట్టి చూపించిండు. మూడు వేల చిల్లర. 58 నిండినప్పటి నుంచి గదే, ఒక్క రూపాయి కూడ పెరగలే. ముప్పై ఏండ్లు బస్సు నడిపిన మనిషికి.

చానమందికి ఇది తెల్వదు, ఆర్టీసోళ్లకేం గవర్నమెంట్ పెన్షన్ వస్తది అనుకుంటరు. వచ్చేది ఈపీఎస్-95, అంటే పీఎఫ్ ఆఫీసోళ్లు ఇచ్చే పెన్షన్. జీతం ఎంతున్నా 2014 సెప్టెంబర్ దాక 6,500 మీదనే లెక్క, ఆ తర్వాత 15,000 మీద. ఆ జీతాన్ని సర్వీసు ఏండ్లతోటి గుణించి 70తోటి భాగిస్తే వచ్చేదే పెన్షన్. 20 ఏండ్లు దాటితే రెండేండ్లు కలుపుతరు. డీఏ లేదు. కనీస పెన్షన్ 1,000 రూపాయలు, అది కూడ 2014ల వచ్చింది, దాన్ని 7,500 చెయ్యాలని పెన్షనర్లు ఏండ్లకేండ్లుగ కొట్లాడుతున్నరు, ఇదే మహారాష్ట్రల బుల్ఢాణాల రిలే దీక్షలు కూడ పట్టిన్రు. నా లెక్కల సమ్మెలల్ల పెద్ద మాట జీతం కాదు, ఈ ముసలితనం. జీతం గురించి అడిగితే టీవీలోళ్లు లెక్కలు చెప్తరు, అరవై తర్వాత మనిషి ఏం తింటడని ఎవరూ అడగరు.

ఆ పాస్‌బుక్కు పేజీని పది మంది దాక ఫోన్‌ల ఫోటో తీసుకున్నరు. ఒకాయన రెండుసార్లు అడిగిండు, ఇది నెలదా వారానిదా అని.

బాపు వచ్చే ముందటి వారమే, నవంబర్ 24న, సర్కారు మూల వేతనం పెంచింది. పదేండ్ల లోపు సర్వీసోళ్లకు 5,000, ఇరవై లోపు 4,000, ఆపైన 2,500. నెల నెలా పదో తారీఖు లోపల జీతమేస్తమన్నది. కొంతమంది డ్యూటీ ఎక్కిన్రు. దాదా ఎక్కలే. ఆయనకు 4,000 వచ్చేది, అప్పటికి ఇంట్ల రెండో నెల జీతం లేదు. దాదా, నాలుగు వేలు తక్కువనా అని అడిగిన. "నాలుగు వేలు ఇప్పటికి. మీ బాపు పుస్తకం చూసినంక నాకు నిద్ర పడతలేదు" అన్నడు.

దాదా, వహినీ ఇద్దరూ పత్తి ఏరనీకి పోయేటోళ్లు. ఎండిన పత్తికాయ కొసలు ముల్లు లెక్క ఉంటయి, అలవాటు లేని చేతులాయె, గోళ్ల పక్కన అంత చీరుకపోయింది. సాయంత్రం ల్యాబ్‌కు వస్తే నేను మందు దూది పెట్టేది. చిల్లర లెక్కపెట్టి పెట్టి నున్నగైన వేళ్లు అవి. కండక్టర్ తోలు సంచి గోడకు మేకు మీద వేలాడుతుండె, చిన్నపిల్ల దాంట్ల బొమ్మలు దాచుకునేది.

హైకోర్టు చెప్పినంక ముగ్గురు సభ్యుల కమిటీ వేసిన్రు, విలీనం కుదరదని వాళ్లు రిపోర్టు ఇచ్చిన్రు. 2022 ఏప్రిల్‌ల 22వ తారీఖు లోపల డ్యూటీల చేరాలని కోర్టు చెప్పింది. ఐదున్నర నెలలు. దాదా ఖాకీ అంగీ ఇస్త్రీ చేసుకొని పోయిండు. ఏం గెలిచినం అని నేను అడగలే, ఆయన చెప్పలే.

2023 మార్చిల టీచర్లు, గవర్నమెంట్ ఆఫీసులోళ్లు వారం రోజులు సమ్మె చేసిన్రు, ఏకచ్ మిషన్ జునీ పెన్షన్, అంటే పాత పెన్షనే మా ఒక్క పట్టు అని నినాదాలు. అప్పుడు దాదా చెప్పిండు, ఇక్కడ 2005 నవంబర్ తర్వాత చేరినోళ్లకు గవర్నమెంట్ల కూడ పాత పెన్షన్ లేదు, నేను 2009ల చేరిన, కలిపినా నాకు రాకపోవు. మరి గప్పుడెందుకు అంత కొట్లాడినవ్ దాదా అంటే, నా ముందటోళ్లకు వస్తుండె కద తమ్మీ అన్నడు.

అవ్వ ఒకనాడు పిలిచి, మా వానికి ఎంతొస్తదో జర లెక్క చూడు బిడ్డా అన్నది. ఇప్పటి రూల్ ఇట్లనే ఉంటదనుకొని ల్యాబ్ చీటీ ఎనుక రాసిన. దాదాకు 58 నిండేది 2041ల. 2014 దాక ఐదేండ్లు 6,500 మీద, తర్వాతి 27, కలిపే రెండు, 15,000 మీద. మొత్తం ఆరు వేల ఆరు వందల చిల్లర.

అవ్వకు చదువు రాదు. ఏ అంకె మీద వేలు పెట్టాల్నో అడిగి, దాని మీద వేలు పెట్టి కొద్దిసేపు కూసున్నది. చీటీని నాలుగు మడతలు పెట్టి ఖండోబా పటం ఎనుక దోపింది, వానికి చెప్పకు బిడ్డా అన్నది.